పంతొమ్మిది గ్రాములు

బూట్ల లేసులు కొన్న ఆరో నిమిషంలో ఆ మనిషి చనిపోయాడు.

షాపులో కార్డు పెట్టి, రసీదు జేబులో వేసుకుని, పేవ్‌మెంట్ మీదికి వచ్చి, కొత్త లేసులు అక్కడే కట్టుకుందామని వంగాడు. బూడిద రంగు కారు ఒకటి పక్కన ఆగింది. పెద్దగా శబ్దం కూడా రాలేదు. రోడ్డుకి అవతల పేపరు చదువుతున్నట్టు నటిస్తున్న కాపలా మనిషి పరిగెత్తుకొచ్చేసరికి కారు లేదు, ప్రాణమూ లేదు. ఒక బూటుకి కొత్త లేసు, రెండో బూటుకి పాతది.

ఆ కాపలా మనిషి కోడ్ నేమ్ గుమస్తా. పన్నెండేళ్ళ సర్వీసు. ఎక్కడ నిలబెట్టినా అక్కడ ఎప్పట్నుంచో ఫైళ్ళు మోస్తున్నవాడిలా కనిపిస్తాడు కాబట్టి ఆ పేరు పెట్టారు. ఆ రోజు నుంచి అతనికి సరిగ్గా నిద్ర లేదు. ఇంట్లో పాల ప్యాకెట్టు సీలు కూడా రెండుసార్లు చూసుకుంటున్నాడని భార్య విసుక్కుంటోంది.

పది రోజుల తర్వాత, గురువారం పొద్దున్నే పెద్దాయన పిలిచాడు. డిపార్ట్‌మెంట్ చీఫ్‌ని అందరూ పిలిచే పేరదే.

"కూర్చో. పార్సిల్-1 పోయాడు. పార్సిల్-2 మిగిలాడు."

పార్సిళ్ళంటే సాక్షులు. ఇద్దరూ ఒక విదేశీ ఆయుధాల ముఠా నేలమాళిగలో కూర్చుని పదహారేళ్ళు పెట్టెలు సర్దినవాళ్ళు. ఏ పెట్టె ఏ దేశానికి పోయిందో వాళ్ళకే తెలుసు. ఆ ముఠాని ఆఫీసులో 'పొరుగువాళ్ళు' అంటారు.

"రేపు పదింటికి కోర్టులో సాక్ష్యం. స్నేహితుడు పోయాక పార్సిల్-2 మనల్నీ నమ్మలేదు. ఆదివారం సేఫ్ హౌస్ నుంచి జారుకున్నాడు. చేతిలో మనమిచ్చిన కార్డు తప్ప ఏమీ లేదు."

"పొరుగువాళ్ళు అతన్ని గుర్తుపడతారా సార్?"

"కొత్త గడ్డం, కొత్త పేరు, కొత్త కళ్ళజోడు. ముఖం తెలియదు. కానీ ఎలా చేరిందో, కార్డు నంబరు చేరింది. షాపుల్లో కార్డు మిషన్ల లోపల ఏదో అమరుస్తున్నారు. ఆ నంబరు కార్డు పడగానే వాళ్ళ ఫోన్లకి కబురు వెళ్తుంది. మనిషిని చేరడానికి ఆరు నిమిషాలు."

"కార్డు ఆపేస్తే?"

"తిండికి కూడా లేక ఎటు పోతాడో ఎవరికి తెలుసు? మనకున్న ఆచూకీ ఆ కార్డొక్కటే. ఆదివారం గాజుకప్పు బజార్లో వాడాడు. అక్కడి ముప్పై ఒక్క షాపులకీ ఒకే పేమెంట్ కంపెనీ. ఏ షాపో బ్యాంకు చెప్పలేకపోతోంది."

పెద్దాయన సొరుగులోంచి మూడు వస్తువులు తీశాడు. మొదటిది పేమెంట్ కంపెనీ కార్డు భద్రతా ఆడిటర్‌ అని గుమస్తా ఫోటోతో ఉన్న ఐడీ. రెండోది కెమెరా ఉన్న పెన్ను. మూడోది అగ్గిపెట్టెంత నల్ల డబ్బా.

"కార్డు నంబరు బయటికి పోయే క్షణంలో ఇది అదురుతుంది."

"అంటే మనిషి చావు ఖాయమయ్యాక చెబుతుందన్నమాట."

పెద్దాయన సొరుగు మూశాడు. "బజార్లో నెమలి ఉంది. కంప్లయెన్స్ కన్సల్టెంట్ వేషంలో షాపులవాళ్ళకి భద్రతా ఫారాలు నింపి పెడుతోంది. పొరుగువాళ్ళలో మన మనిషి."

"నమ్మచ్చా?"

"జీతం మనం ఇస్తున్నాం." పెద్దాయన కిటికీ వైపు చూశాడు. "వాళ్ళూ ఇస్తున్నారు."

గుమస్తా లేచాడు. కార్డు నంబరు బయటికి పోయిందంటే ఈ గదిలోంచే పోయి ఉండాలి. తలుపు దగ్గర ఆగి పెద్దాయన ముఖం ఒకసారి చూశాడు. అందులో ఏమీ కనిపించలేదు. ఏమీ కనిపించకపోవడం అతనికి ఇంకా నచ్చలేదు.

*

గాజు కప్పు కింద పొడుగాటి నడవ, రెండు పక్కలా షాపులు. మధ్యలో కాఫీ కౌంటరు. అక్కడ నీలం కోటులో ఒక ఆవిడ కూర్చుని ఉంది. ఆమె కప్పు ఎత్తితే పక్క బల్లలవాళ్ళు తమ కప్పులు ఎత్తడం మర్చిపోతున్నారు. ఆమెకి నెమలి అని పేరు పెట్టినవాడు పెద్దగా బుర్ర ఉపయోగించి ఉండడు.

"ఇక్కడ గొడుగులు బాగుచేసేవాళ్ళున్నారా?" గుమస్తా కోడ్ మాట అడిగాడు.

"వానలు వెళ్ళాక రండి." నెమలి నవ్వి, పక్క కుర్చీ మీది బ్యాగు తీసింది. "కూర్చోండి. మిమ్మల్ని చూస్తే నిజంగానే ఆడిటరనుకున్నాను. ఇది పొగడ్తే."

ఫైలు అతని ముందుకి తోసింది. ముప్పై ఒక్క ఫారాలు. కార్డులు తీసుకునే ప్రతి షాపూ ఏటా నింపాల్సిన సెల్ఫ్ అసెస్‌మెంట్ అది. కార్డు నంబర్లు దాస్తున్నారా, పాస్‌వర్డులు మారుస్తున్నారా, మిషన్ల సీళ్ళు చూస్తున్నారా అని వరసగా ప్రశ్నలు, పక్కన అవును, లేదు అని గడులు.

ముప్పై ఫారాల్లో పై నుంచి కింది దాకా 'అవును'. ముప్పై ఒకటో దానిలో పద్నాలుగు 'లేదు'లు.

"ఊలు షాపు," నెమలి గొంతు తగ్గించింది. "ముసలావిడ. ఫారం నన్ను ముట్టుకోనివ్వలేదు, తనే నింపుకుంటానంది. అందరూ నా చేత నింపించుకుంటుంటే ఆవిడొక్కర్తికే ఎందుకంత పట్టుదల?"

ప్రశ్న సబబుగానే ఉంది. గుమస్తా ఫైలు మూసి లేచాడు.

*

ఊలు షాపు ఇరుకు. నేల నుంచి కప్పు దాకా అరలు, అరల నిండా రంగురంగుల ఊలు చుట్టలు. కౌంటరు మీద గ్రాము తేడా కూడా చూపించే ఎలక్ట్రానిక్ తూకం, పక్కన కార్డు మిషను. వెనక అరవై దాటిన ఆవిడ కూర్చుని బిస్కెట్ ప్యాకెట్టు తూస్తోంది. జుట్టు ముడిలో అల్లికసూది గుచ్చి ఉంది.

"వంద గ్రాములని రాశాడు, తొంభై ఆరే ఉంది," అంది తలెత్తకుండా. "మనుషుల్ని ఎలా నమ్మాలి? నువ్వెవరు నాయనా?"

గుమస్తా ఐడీ చూపించాడు. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి, ఫోటోనీ ముఖాన్నీ నాలుగుసార్లు పోల్చి, తిరిగిచ్చింది. "బజారంతా నన్ను పిన్నిగారంటారు. అడుగు."

"కస్టమర్ల కార్డు వెనక మూడంకెలు రాసిపెట్టుకుంటారా?"

"లేదు."

"కార్డు నంబర్లు కంప్యూటర్లో దాస్తారా?"

"కంప్యూటరే లేదు, ఎక్కడ దాస్తాను? లేదు."

"మిషనుకి కంపెనీవాళ్ళు మొదట ఇచ్చిన పాస్‌వర్డే ఉంచేశారా?"

"లేదు, మార్చాను. మా ఆడపడుచు పుట్టినరోజు పెట్టుకున్నా. ఆవిణ్ని మర్చిపోదామన్నా మర్చిపోలేను కదా." నాలిక కరుచుకుంది. "అయ్యో, నీకు చెప్పకూడదేమో. మళ్ళీ మార్చుకోవాలి."

"మిషను బాగుచేయడానికి వచ్చినవాళ్ళ గుర్తింపు అడుగుతారా?"

"లేదు." ఆమె ముఖం చిన్నబోయింది. "మొహమాటపడ్డాను. అడిగుండాల్సింది. తప్పు నాదే."

పన్నెండేళ్ళ సర్వీసులో తనంతట తాను తప్పు ఒప్పుకున్న మనిషిని గుమస్తా చూడలేదు. అందుకే అనుమానం ఇంకాస్త బిగిసింది.

అప్పుడే మేకుకి వేలాడుతున్న నోటుపుస్తకం కంటపడింది. ప్రతి తేదీ ఎదురుగా రెండు నంబర్లు. 412, 412. మర్నాడు 412, 412. రెండు నెలలుగా అదే. మొన్న మంగళవారం మధ్యాహ్నం నుంచి మాత్రం 431. బుధవారం 431, 431. ఈ పొద్దున 431.

ఏమిటివి అని అడగవచ్చు. అడిగితే ఆవిడ చెప్పేసి ఉండేది కూడా. కానీ సూటిగా అడిగే అలవాటు గూఢచారులకి ఉండదు. అతను పెన్ను సర్దుకుంటున్నట్టు రెండుసార్లు నొక్కి పేజీని ఫోటో తీశాడు.

"నాయనా, పొడుగ్గా ఉన్నావు. ఆ పై అరలో డబ్బా దించిపెట్టవూ?"

గుమస్తా పెన్ను కౌంటరు మీద పెట్టి స్టూలెక్కాడు. డబ్బా బరువు లేదు కానీ దుమ్ము బోలెడుంది. తుమ్ముతూ దిగి, డబ్బా అందించి, పెన్ను జేబులో పెట్టుకుని బయటపడ్డాడు.

*

ఫోటో ఆఫీసుకి చేరింది. సంకేతాల విభాగంలో ముగ్గురు మూడు గంటలు తలలు పట్టుకున్నారు. ఆ మూడు గంటల్లో గుమస్తా మిగతా ముప్పై షాపులూ తిరిగాడు. సీళ్ళన్నీ కొత్తగా మెరుస్తున్నాయి. మిషన్లు శుభ్రంగా ఉన్నాయి. ఎప్పుడు చెక్ చేశారంటే అందరూ గోడకున్న రోజువారీ చెకింగ్ ఫారం చూపించారు. ఫారం అందరిదీ ఒకే చేతిరాత, వచ్చే నెల తేదీలకి కూడా టిక్కులు పడిపోయి ఉన్నాయి.

ఒంటిగంటన్నరకి జవాబొచ్చింది. 'రేడియో ఫ్రీక్వెన్సీలు కావచ్చు. మంగళవారం ఛానల్ మార్చారు.'

కాఫీ కౌంటరు దగ్గర నెమలి ఆ మెసేజ్ చదివి నిట్టూర్చింది. "నేను అనుకున్నదే. ఆవిడే పొరుగువాళ్ళ ఆపరేటరు. ఇప్పుడే ఎత్తేయండి. షాపు మాత్రం మూయద్దు, పార్సిల్ బెదిరిపోతాడు. కౌంటర్లో నేను కూర్చుంటాను."

అంతా చక్కగా కుదిరింది. మరీ చక్కగా కుదిరిందనిపించింది గుమస్తాకి. కానీ ఒక బూటుకే కొత్త లేసుతో రోడ్డు మీద పడి ఉన్న మనిషి కళ్ళ ముందు మెదిలాడు. మళ్ళీ ఆలస్యం చేయలేడు. ఫోన్ తీశాడు. "వ్యాను పంపండి. ఊలు షాపు వెనక తలుపు. ముసలావిడ."

నెమలి షాపుకి ఎదురుగా, నడవకి అవతల నిలబడి, చిన్న అద్దం తీసి పెదాలు సరిచేసుకోసాగింది. గుమస్తా లోపలికి వెళ్ళాడు.

"పిన్నిగారూ, మీరు ఒకసారి నాతో..."

"ఉండు నాయనా, కస్టమరు."

తలుపు తోసుకుని ఒక ముసలాయన వచ్చాడు. గడ్డం, మందపాటి కళ్ళజోడు, చంకలో ఇంకా పూర్తికాని బూడిదరంగు స్వెటరు. గుమస్తా గుర్తుపట్టాడు. పార్సిల్-2.

"ఆ లాటుదే కదమ్మా?" అన్నాడు ముసలాయన. "ఒక్క చెయ్యి మిగిలిపోయింది."

"మీకోసమే దాచాను. ఒకసారి అద్దకం వేసింది ఒక రంగు, మళ్ళీ వేసింది ఇంకో రంగు. వేరే లాటు వాడితే చొక్కాకి అతుకేసినట్టుంటుంది." పిన్నిగారు ఊలు తూచింది. యాభై.

అదీ సంగతి. పొరుగువాళ్ళు, పోలీసులు, కోర్టు ఎవరు వెతుకుతున్నా, ఆ మనిషి రంగు కలవాలని ప్రాణం అరచేతిలో పెట్టుకుని మళ్ళీ అదే షాపుకి వచ్చాడు.

ముసలాయన కార్డు తీశాడు. పిన్నిగారు కార్డు మిషను చేతిలోకి తీసుకుంది, కానీ అతనికి ఇవ్వలేదు.

"ఒక్క క్షణం. మధ్యాహ్నం లెక్క ఇంకా చూడలేదు." మిషనుని తూకం మీద పెట్టింది.

పచ్చటి అంకెలు వెలిగాయి. 431.

ఆమె మేకుకున్న పుస్తకం తీసి ఆ అంకె వేసింది. "ఇంకా తగ్గలేదు," అని గొణిగి, మిషను ముసలాయన ముందు పెట్టింది.

గుమస్తా నోరెళ్ళబెట్టాడు. పొద్దుటి నుంచి అడగని ప్రశ్న అప్పుడు అడిగాడు. "పిన్నిగారూ... అది మిషను బరువా?"

"మరేమిటి? మిషను ఎవరైనా మార్చారేమో చూస్తున్నారా అని ఫారంలో ఉంది కదా. పైనుంచి చూస్తే నాకేం తెలుస్తుంది? తూస్తే తెలుస్తుంది. పొద్దున ఒకసారి, భోజనమయ్యాక ఒకసారి."

"మంగళవారం పంతొమ్మిది గ్రాములు ఎలా పెరిగింది?"

"నేనూ అదే అడిగాను ఆ నీలం కోటు పిల్లని. ఆ రోజు తనే కదా మిషను తీసుకెళ్ళి తెచ్చింది! కొత్త సాఫ్ట్‌వేర్ వేశాం పిన్నిగారూ, అందుకే బరువెక్కిందంది." ఆమె కళ్ళజోడు పైనుంచి చూసింది. "సాఫ్ట్‌వేర్‌కి బరువుంటుందా నాయనా?"

ముసలాయన చెయ్యి కదిలింది. కార్డు అంచు మిషను నోటికి తగలబోతోంది.

గుమస్తా అరచెయ్యి అడ్డుపడింది. కార్డు అతని వేళ్ళకి గుచ్చుకుంది. మిషనుకీ దానికీ మధ్య గోరంత జాగా మిగిలింది.

ముసలాయన తలెత్తాడు. మందపాటి అద్దాల వెనక కళ్ళు పెద్దవయ్యాయి. "నువ్వు... మాకు కాపలా ఉన్నవాడివి కదూ."

"వెనక్కి తిరక్కండి. నవ్వుతూ మాట్లాడండి. గాజు అవతల ఒకావిడ చూస్తోంది, ఆవిడకి మీ వీపే కనిపిస్తోంది."

"నిన్నెందుకు నమ్మాలి?"

గుమస్తా దగ్గర కోడ్ మాటలు చాలా ఉన్నాయి. దీనికి పనికొచ్చేది ఒక్కటీ లేదు. "ఆ రోజు నేను ఆలస్యంగా పరిగెత్తాను. మీ స్నేహితుడు నా వల్లే పోయాడు. అది నేను మర్చిపోలేను. ఇవాళ మాత్రం ముందే వచ్చాను."

ముసలాయన కార్డు అతని చేతిలో పెట్టి, ఊలు చుట్ట తీసుకుని చంకలో పెట్టుకున్నాడు. "ఇది మాత్రం నాతోనే ఉంటుంది."

"ఇద్దరూ ఆ అరల వెనక్కి రండి. పిన్నిగారూ, మీ శాలువా ఇవ్వండి. మీరు అక్కడే కూర్చోండి. దగ్గు వచ్చినా దగ్గకండి."

"నా షాపులో నేను దాక్కోవడమేమిటి?" అంటూనే ఆమె ఎర్ర శాలువా విప్పింది.

రెండు నిమిషాల తర్వాత వెనక తలుపు దగ్గర వ్యాను ఆగింది. తల మీదుగా ఎర్ర శాలువా కప్పుకుని, వంగి నడుస్తున్న మనిషిని ఇద్దరు కానిస్టేబుళ్ళు ఎక్కించారు. ఒక కానిస్టేబులు శాలువా లోపలికి తొంగిచూసి గతుక్కుమన్నాడు. "సార్, ముసలావిడకి గడ్డం..."

"రేపు కోర్టులో తీయించుకుంటుంది. పోనీ."

ఎర్ర శాలువా వెనక తలుపు దాటడం నెమలి గాజు అవతల నుంచి చూసింది. అద్దం మూసి, తీరిగ్గా లోపలికి వచ్చి, కౌంటరు వెనక కూర్చుంది. పిన్నిగారి కుర్చీ ఆమెకి చాలా చిన్నదైంది.

"కస్టమరు కూడా వెనక నుంచే వెళ్ళినట్టున్నాడు. ముసలావిడ అరిచిందా?"

"లేదు. ఒక్కటే అడిగింది. సాఫ్ట్‌వేర్‌కి బరువుంటుందా అని."

నెమలి నవ్వు ముఖం మీదే ఉంది, కానీ కళ్ళలోంచి జారిపోయింది. గుమస్తా మిషను దగ్గరికి లాక్కుని, చేతిలో కార్డు తాపీగా దానిలోకి నెట్టాడు.

జేబులో నల్ల డబ్బా గజగజ అదిరింది. అదే క్షణంలో నెమలి కోటు జేబులో ఫోన్ బుర్రుమంది.

"తీయండి," అన్నాడు గుమస్తా. "మీకే ఫోను."

"ఎవరి కార్డది?"

"మీ ఫోన్ చెబుతుంది కదా."

ఆమె చెయ్యి హ్యాండ్‌బ్యాగు వైపు కదిలింది. చేరేలోపు అరల వెనక నుంచి వచ్చిన అల్లికసూది మొన చల్లగా ఆమె మెడకి తగిలింది. "కదలకమ్మాయ్," అంది పిన్నిగారు. "ఇది అయిదో నంబరు సూది. మెల్లగా దిగుతుంది."

ఆ హ్యాండ్‌బ్యాగులో బుల్లి పిస్తోలు దొరికింది. అయిదున్నర నిమిషాలకి కిటికీ అద్దాలు తుడిచే దుస్తుల్లో ఇద్దరు నిచ్చెన మోసుకుంటూ నడవలోకి వచ్చారు. ఊలు షాపు ముందు ఆగి లోపలికి చూసేసరికి, కౌంటర్లో వాళ్ళ నెమలి చేతులకి బేడీలతో కూర్చుని ఉంది. వెనక్కి తిరిగేసరికి నడవ రెండు చివర్లా గుమస్తా రప్పించిన పోలీసులు. నిచ్చెన మాత్రం పాపం ఏ తప్పూ చేయకుండా స్టేషనుకి వెళ్ళింది.

*

మర్నాడు పదింటికి పార్సిల్-2 కోర్టులో నిలబడి మూడు గంటలు మాట్లాడాడు. ఒంటి మీద బూడిదరంగు స్వెటరు, రెండు చేతులూ ఒకటే రంగు. మధ్యాహ్నానికి రెండు ఓడరేవుల్లో నలభై పెట్టెలు తెరిపించారు. పెద్దాయన గుమస్తాని పిలిచి, తల దించుకుని చెప్పాడు. "కార్డుల జాబితా నెమలికి ఇచ్చింది నేనే. వాళ్ళని కాపాడుతుందని. నువ్వు నన్ను అనుమానించావు కదూ?"

"అనుమానించాను సార్."

"మంచి పని చేశావు."

సాయంత్రం గుమస్తా ఊలు షాపుకి వెళ్ళాడు. మిషను లోపలి ముక్క తీసేశారు. పిన్నిగారు దాన్ని తూకం మీద పెట్టి, 412 అని చూసుకుని, కన్నబిడ్డ జ్వరం తగ్గినట్టు ఊపిరి పీల్చుకుంది.

"మిషను బరువు పెరిగిందని నిన్న పొద్దున నాకెందుకు చెప్పలేదు పిన్నిగారూ? ఒక్క మాట చెబితే సగం రోజు కలిసొచ్చేది."

"నువ్వు అడిగావా?" అంటూ ఆమె బిస్కెట్ ప్యాకెట్టు వెతుక్కుంటూ వెనక గదిలోకి వెళ్ళిపోయింది.

వేషం వేసిన పాపానికి ఆడిట్ పూర్తి చేయాల్సిందే. గుమస్తా ఫారం తెరిచాడు. ఒక్క ప్రశ్న మిగిలింది. 'మిషను దగ్గర తచ్చాడే అనుమానాస్పద వ్యక్తులను గుర్తించడంలో సిబ్బందికి శిక్షణ ఉందా?'

ఆధారం కోసం మేకుకున్న పుస్తకం తీసి పేజీ తిప్పాడు. నిన్నటి తేదీ కింద, 431కి పక్కన, అతను ఫోటో తీసి వెళ్ళాక రాసిన వాక్యమొకటి గుండ్రటి అక్షరాల్లో ఉంది.

'పదిన్నర. కొత్త ఆడిటరు. స్టూలెక్కినప్పుడు పెన్ను తూచాను. మామూలు పెన్ను పన్నెండు, ఇది ముప్పై నాలుగు. మనిషి నమ్మదగ్గవాడు కాదు. ఏమీ చెప్పకూడదు.'

గుమస్తా చాలాసేపు ఆ వాక్యం వైపు చూశాడు. తర్వాత ఆ ముప్పై నాలుగు గ్రాముల పెన్నుతోనే 'అవును' ఎదురుగా టిక్కు పెట్టాడు.